ఆదివారం రాని కడుపునొప్పి సోమవారం ఎలా వస్తుంది?

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు, ఆరో తరగతి చదువుతోంది. ఏడాది క్రితం నీళ్ల విరేచనాలు పట్టుకుని వారం రోజులు మంచం మీదే ఉంది. అవి తగ్గాయి కానీ అప్పటి నుంచి కడుపునొప్పి వదలడం లేదు. సరిగ్గా స్కూలుకు తయారయ్యే వేళకు మొదలవుతుంది. మూడు నాలుగుసార్లు బాత్రూంకి పరుగెడుతుంది. వెళ్లొచ్చాక కాస్త నెమ్మదిస్తుంది, మళ్లీ మొదలు. రక్తపరీక్ష, మల పరీక్ష, స్కానింగ్ అన్నీ చేయించాం. ఏమీ లేదు, ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగులు అతిసున్నితంగా మారే సమస్య) అన్నారు డాక్టరు గారు. వారానికి రెండు రోజులైనా స్కూలు మానేస్తోంది. పాలు, గోధుమలు, ఉల్లిపాయ, పప్పులు ఒక్కొక్కటిగా మాన్పించేశాను. మావారేమో 'ఆదివారం రాని నొప్పి సోమవారం ఎలా వస్తుంది? అన్నీ నాటకాలు, నువ్వే నెత్తికెక్కించుకున్నావు' అంటారు. దీని మీద ఇంట్లో రోజూ గొడవే. ఒకసారి టీచర్ బాత్రూంకి పంపకపోతే క్లాసులోనే ఇబ్బంది కూడా అయింది. పాపను ఎలా చూసుకోవాలో చెప్పండి. - ఓ తల్లి

జవాబు: పరీక్షల గురించి, మాన్పించిన తిండి గురించి వివరంగా రాశారు. క్లాసులో జరిగిన సంగతి మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. పాప వైపు నుంచి చూస్తే ఈ ఉత్తరం మొత్తంలో పెద్ద విషయం అదేనేమో అనిపించింది నాకు. చుట్టూ తోటిపిల్లలు ఉండగా, చెయ్యెత్తి అడిగినా పంపలేదు. ఆ రోజు తర్వాత తనకు నొప్పి కంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుని ఉంటుంది: అవసరమైనప్పుడు నన్ను వెళ్లనివ్వరేమో అని. పొద్దున్న అన్నిసార్లు వెళ్తోందంటే, అందులో ఒకటి రెండుసార్లు నిజంగా వచ్చి కాకుండా, స్కూల్లో రాకుండా ఇక్కడే అయిపోవాలని కూర్చుంటూ ఉండొచ్చు. ఈ వారం స్కూలు నుంచి వచ్చాక తన వాటర్ బాటిల్ చూడండి. పొద్దున నింపిన నీళ్లు నింపినట్టే ఉన్నాయా? లంచ్ బాక్సులో సగానికి సగం మిగులుతోందా? ఇలాంటి పిల్లలు బాత్రూం అవసరమే రాకూడదని నీళ్లు, తిండి తగ్గించేస్తుంటారు. వచ్చినా బిగబట్టుకుంటారు. దాంతో కొందరికి మలం గట్టిపడి నొప్పి ఇంకాస్త పెరుగుతుంది.

ఇక మీవారి ప్రశ్న. వెటకారంగా అడిగినా అది మంచి ప్రశ్నే, దానికి జవాబూ ఉంది. మన పేగుల గోడల్లో వాటికంటూ సొంత నరాల వ్యవస్థ ఉంటుంది. అది మెదడుతో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది. ఐబీఎస్‌లో తేడా వచ్చేది ఇక్కడే. పేగులో పుండు ఉండదు, వాపు ఉండదు, అందుకే స్కానింగ్‌లో ఏమీ కనబడదు. కానీ కొంచెం గ్యాస్ నిండినా, పేగు మామూలుగా కదిలినా ఆ నరాలు దాన్ని నొప్పిగా కబురు పంపుతాయి. విరేచనాల జబ్బు తగ్గాక కొందరిలో ఈ సున్నితత్వం మిగిలిపోతుందని డాక్టర్లకు బాగా తెలుసు, మీ పాపకు జరిగిందీ అదే కావచ్చు. పైగా ఏదైనా తినగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే. పొద్దున పూట ఆ కదలిక మరీ ఎక్కువ. ఆదివారం కూడా ఆ కదలిక ఉంటుంది. కాకపోతే ఆ రోజు తను ఆలస్యంగా లేస్తుంది, బాత్రూం పక్కనే ఉంటుంది, బస్సు హారన్ కొట్టదు, చెయ్యెత్తి ఎవరినీ అడగక్కర్లేదు. సోమవారం ఆ కదలికకు భయం తోడవుతుంది. భయం పేగుల వేగాన్నీ మారుస్తుంది, నొప్పినీ పెంచుతుంది. పరీక్ష హాల్లో కూర్చోగానే చేతులకు చెమట పడుతుంది కదా, అది నాటకం అని ఎవరూ అనరు. ఇదీ అంతే.

ఇంత చెప్పాను కదా అని పాపతో మాత్రం 'టెన్షన్ వల్లే నీకు ఇదంతా' అనకండి. పెద్దవాళ్లకు అది వివరణ, పిల్లల చెవికి అది నేరారోపణ. డాక్టరు గారు 'ఏమీ లేదు' అన్న మాటనూ ఇంట్లో మళ్లీ మళ్లీ వాడొద్దు. అందరికీ వాడుక మాటే గానీ, నా మటుకు నాకు ఆ మాట నచ్చదు. ఐబీఎస్ అనేది ఏ జబ్బూ దొరక్కపోతే తగిలించే పేరు కాదు. దీన్ని తేల్చడానికి డాక్టర్లకు కొలతలున్నాయి. 2016లో సవరించిన రోమ్ ప్రమాణాల ప్రకారం నెలలో కనీసం 4 రోజులు కడుపునొప్పి రావాలి, ఆ నొప్పికి మలవిసర్జనతోనో, దాని తీరులో వచ్చిన మార్పుతోనో సంబంధం ఉండాలి, ఇది కనీసం రెండు నెలలుగా సాగుతుండాలి, వేరే జబ్బు కారణం కాకూడదు. నొప్పి మలబద్ధకం వల్లే అయితే, అది తగ్గగానే నొప్పీ పోతుంది, అలాంటప్పుడు దాన్ని ఐబీఎస్ అనరు. పిల్లల్లో తరచూ వచ్చే కడుపునొప్పి అరుదైనదేమీ కాదు. 1958లోనే ఇంగ్లండ్‌లో జాన్ ఏప్లీ అనే పిల్లల డాక్టరు వెయ్యి మంది బడిపిల్లలను పరిశీలిస్తే, దాదాపు పదిమందిలో ఒకరికి ఇలాంటి నొప్పి ఉన్నట్టు తేలింది. ఈ సంగతి పాపకు తప్పకుండా చెప్పండి. క్లాసులో తనొక్కతే ఇలా ఉందనుకుంటోంది.

పరీక్షలు అయిపోయాయి కాబట్టి మళ్లీ మళ్లీ చేయించకండి. కానీ మలంలో రక్తం, బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి లేదా విరేచనాలు, వదలని జ్వరం, ఆగని వాంతులు, కీళ్ల నొప్పులు, మింగడం కష్టమవడం, ఎప్పుడూ పొట్టలో కుడివైపు ఒకే చోట నొప్పి - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. కుటుంబంలో ఎవరికైనా పేగుల వాపు జబ్బు గానీ, గోధుమ పడని సీలియాక్ జబ్బు గానీ ఉంటే ఆ సంగతి ఇప్పటికే చెప్పారో లేదో గుర్తు చేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఇంట్లో పాప నొప్పికి ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు నమ్మరు, ఇంకొకరు నిమిషానికోసారి అడుగుతారు. నాన్న నమ్మాలంటే నొప్పి పెద్దగా కనబడాలి. అమ్మ అడిగినప్పుడల్లా తను పొట్ట మీదికి దృష్టి పెట్టి వెతుక్కోవాలి. రెండు దారులూ ఆ పిల్లను తీసుకెళ్లి నొప్పి దగ్గరే కూర్చోబెడుతున్నాయి. 2006లో అమెరికాలో లిన్ వాకర్ బృందం చేసిన ఒక ప్రయోగం మీ ఇద్దరికీ పనికొస్తుంది. పిల్లల చేత ఎక్కువ నీళ్లు తాగించి కడుపులో ఇబ్బంది కలిగించారు. తర్వాత కొందరు తల్లిదండ్రులను పిల్లల బాధ గురించే మాట్లాడమన్నారు, కొందరిని ధ్యాస వేరే వాటి మీదికి మళ్లించమన్నారు, ఇంకొందరికి ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పనివాళ్లతో పోలిస్తే, బాధ గురించి మాట్లాడిన చోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, ధ్యాస మళ్లించిన చోట సగానికి తగ్గాయి. విచిత్రం ఏమిటంటే, తరచూ నొప్పితో బాధపడే పిల్లల తల్లిదండ్రులకు ధ్యాస మళ్లించడమే పిల్లలకు చెడు చేస్తుందనిపించింది. పిల్లలు మాత్రం అమ్మానాన్న ధ్యాస మళ్లిస్తేనే తమకు హాయిగా ఉందన్నారు.

కాబట్టి 'ఇప్పుడెలా ఉంది కన్నా, నొస్తోందా?' అన్న ప్రశ్నను ఇంట్లో మానేయండి. ఇది మీకు చాలా కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. అడగకపోతే పట్టించుకోనట్టు అనిపిస్తుంది. పాప తనంతట తాను నొప్పి అంటే వినండి, నమ్మండి, రెండు మాటల్లో జవాబు చెప్పి తర్వాతి పనిలోకి తీసుకెళ్లండి. 'అవునా, నొస్తోందా? వేడినీళ్ల బ్యాగ్ ఇస్తాను, పెట్టుకో. ఈలోగా నీ జడ వేసేస్తా, నిన్నటి మ్యాచ్ సంగతి చెప్పు' అన్నట్టుగా. గదమాయింపూ వద్దు, కంగారూ వద్దు. మీరిద్దరూ పాప లేనప్పుడు కూర్చుని ఒక మాట మీదికి రండి: నొప్పి నిజమే, అది ప్రమాదకరమైనది కాదు, నొప్పి ఉన్నా చేసుకోగలిగే పనులు చాలా ఉన్నాయి. పాప ఎదుట ఇద్దరూ ఇదే చెప్పాలి. మీవారు మనసులో పూర్తిగా ఒప్పుకోకపోయినా సరే, 'నాటకాలు' అన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడకూడదు.

స్కూలుకు వెళ్లి టీచర్‌తో మాట్లాడే పని మీరు కాకుండా మీవారే చేస్తే బాగుంటుందని నా సలహా. నాన్న తన తరఫున వెళ్లి మాట్లాడారని తెలిస్తే, నమ్ముతున్నానని వంద సార్లు చెప్పినదానికన్నా ఎక్కువ. డాక్టరు దగ్గర ఒక ఉత్తరం రాయించుకుని వెళ్లండి. అడగకుండానే బాత్రూంకి వెళ్లొచ్చే అనుమతి, తలుపుకు దగ్గరగా సీటు, టీచర్‌కు చూపించడానికి ఒక చిన్న కార్డు, బ్యాగులో ఒక జత బట్టలు - అడగాల్సినవి ఇవే. వీలైతే ఎక్కువమంది వాడని బాత్రూం ఏదో కూడా కనుక్కోండి. క్లాస్ టీచర్ ఒప్పుకుంటే సరిపోదు, మిగతా టీచర్లకూ చెప్పాలి. అనుమతి చేతిలో ఉన్న పిల్లలు దాన్ని వాడేది తక్కువే. వెళ్లొచ్చన్న ధీమాయే సగం పని చేస్తుంది. క్లాసులో జరిగినదాని గురించి కూడా ఒకసారి, ఒక్కసారే, పాపతో మాట్లాడండి. 'ఆ రోజు తప్పు నీది కాదు. నిన్ను పంపాల్సింది. ఇకపై అలా జరగకుండా నాన్న మాట్లాడారు.' తను ఏడిస్తే ఏడవనివ్వండి. వివరాలు మాత్రం తవ్వకండి.

పొద్దున పూట గడియారాన్ని కాస్త వెనక్కి జరపండి. ఇప్పటికన్నా అరగంట ముందు లేపి, టిఫిన్ త్వరగా పెట్టి, తిన్నాక తీరిగ్గా బాత్రూంలో కూర్చునే సమయం ఇవ్వండి. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేస్తే మోకాళ్లు పైకి వచ్చి సులువవుతుంది. పది నిమిషాలు చాలు. రాకపోతే లేచి వచ్చేయమనండి, ముక్కుతూ కూర్చోనివ్వొద్దు. తలుపు బయట నిలబడి 'అయిందా?' అని ఎవరూ అడగొద్దు.

స్కూలు మాన్పించడం తగ్గించాలి. ఒక్కసారిగా ఆరు రోజులూ కష్టమనిపిస్తే మొదట సగం పూటలతో మొదలెట్టి పెంచండి. నిజంగా వెళ్లలేని రోజు ఇంట్లో ఉన్నా అది సెలవు రోజులా ఉండకూడదు. టీవీ, ఫోన్ ఉండవు, పడుకోవడం, చదువుకోవడం మాత్రమే. పదింటికి నొప్పి తగ్గితే పదిన్నరకు స్కూలు. ఇది శిక్ష కాదని ముందే, నొప్పి లేని వేళ చెప్పి ఒప్పించండి. ఆ క్షణంలో మొదలెడితే గొడవే అవుతుంది.

తిండి విషయంలో మీరు తొందరపడ్డారు. నాలుగు ముఖ్యమైనవి ఒకదాని వెంట ఒకటి తీసేస్తూ పోతే ఏది పడలేదో తెలియదు సరికదా, ఎదిగే పిల్లకు కాల్షియం, ప్రోటీన్ తక్కువవుతాయి, తిండి అంటేనే భయం పట్టుకుంటుంది. మీరు మాన్పించిన వాటిలో కొన్ని కొందరికి గ్యాస్ పెంచే మాట నిజమే. ఫాడ్‌మ్యాప్ అనే పద్ధతిలో వాటిని కొద్ది వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి పెట్టి చూస్తారు. పిల్లల్లో అది డైటీషియన్ చేతుల్లోనే జరగాలి. అప్పటిదాకా వేళకు తినడం, నీళ్లు తాగడం, కూల్‌డ్రింకులు, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లు మానడం చాలు. పీచు పెంచాలనుకుంటే మెల్లగా పెంచాలి. మందుల షాపులో అడిగి విరేచనాలు ఆపే మాత్రలు, అయ్యే మాత్రలు వేయొద్దు. పెప్పర్‌మింట్ ఆయిల్ క్యాప్సూల్స్ కొందరు పిల్లలకు పనిచేస్తాయి, అవి తన వయసుకు సరిపోతాయో లేదో డాక్టరును అడగండి. మరో సంగతి, తనకు నెలసరి మొదలయ్యే వయసు దగ్గరపడింది. ఆ రోజుల్లో నొప్పి, విరేచనాల తీరు మారవచ్చని ముందే చెప్పి ఉంచండి.

వీటన్నిటితో పాటు పిల్లలతో పనిచేసే సైకాలజిస్టును కలవమని అంటాను. పిచ్చి అనో, మనసు బాగాలేదనో కాదు. ఈ సమస్యకు బాగా పనిచేసే చికిత్సల్లో అదొకటి. 2007లో నెదర్లాండ్స్‌లో ఇలాంటి నొప్పి ఉన్న 53 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పేగుల మీద దృష్టి పెట్టే హిప్నోథెరపీ, ఇంకో జట్టుకు మామూలు వైద్యం. ఏడాది తర్వాత మొదటి జట్టులో 85 శాతం మందికి, రెండో జట్టులో 25 శాతం మందికి నొప్పి దాదాపు పోయింది. అన్నిచోట్లా ఇది చేసేవాళ్లు దొరకరు. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే సీబీటీ కూడా ఉపయోగపడుతుంది, అందులో తల్లిదండ్రులకూ పాఠాలుంటాయి. పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం మాత్రం మీరే నేర్పొచ్చు. రాత్రి పడుకునే ముందు, నొప్పి లేనప్పుడు నేర్పండి. నొప్పిలో ఉన్న పిల్లకు ఏదీ కొత్తగా ఎక్కదు.

నొప్పి పూర్తిగా పోయిందా అని రోజూ కొలవకండి. ఈ నెలలో స్కూలుకు ఎన్ని రోజులు వెళ్లింది, స్నేహితుల ఇంటికి వెళ్లిందా, బాటిల్ ఖాళీగా వచ్చిందా - ఇవి చూడండి. తరచూ ముందు ఇవే మారతాయి, నొప్పి ఆ వెనకాల నెమ్మదిగా తగ్గుతుంది. మధ్యలో పరీక్షల సమయంలోనో, జ్వరం వచ్చినప్పుడో మళ్లీ ఎక్కువైతే మొదటికొచ్చిందని కంగారుపడొద్దు, అప్పుడూ ఇదే పద్ధతి. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు వారాల పాటు పాపనే ఒక చిన్న పుస్తకంలో రాసుకోమనండి: ఎప్పుడు నొప్పి వచ్చింది, ఎన్నిసార్లు వెళ్లింది, ఎలా అయింది. బ్రిస్టల్ చార్ట్ అని మలాన్ని ఏడు రకాలుగా చూపించే బొమ్మల పట్టిక ఉంది, నంబరు వేస్తే చాలు, తనకు సిగ్గుగా ఉండదు. ఆ పుస్తకం తన దగ్గరే ఉండాలి. మీరు రోజూ తీసి చూడకండి, డాక్టరుకు తనే చూపిస్తుంది.