నిర్వానా 'ఇన్ యూటెరో' ఇప్పుడు విన్నా పాతబడినట్టు ఎందుకు అనిపించదు?

అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వానా నుంచి 1993లో వచ్చిన ఈ ఆల్బమ్ ఇన్నేళ్లకీ కొత్తగా వినిపించడానికి నా దృష్టిలో అసలు కారణం రికార్డింగే. 1991 నాటి వాళ్ల ఆల్బమ్ 'నెవర్‌మైండ్' మిక్సింగ్‌లో (విడివిడిగా రికార్డ్ చేసిన ధ్వనుల్ని కలిపే దశలో) బాగా నునుపుదేలింది, ఆ మెరుపులో ఆ కాలం ముద్ర తెలిసిపోతుంది. ఈసారి రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ అల్బినీ మిన్నెసోటాలోని ఒక స్టూడియోలో డ్రమ్స్ చుట్టూ బోలెడు మైకులు పెట్టి, గది మోతను కూడా పట్టుకున్నారు. ఇందులోని 'సెంట్‌లెస్ అప్రెంటిస్' పాట మొదటి కొన్ని సెకన్లు హెడ్‌ఫోన్స్‌లో వినండి: డ్రమ్మర్ డేవ్ గ్రోల్ దెబ్బ పడగానే గోడలు కూడా మోగినట్టుంటుంది.

రాయల్టీ వద్దు, ప్లంబర్‌కి ఇచ్చినట్టు చేసిన పనికి డబ్బిస్తే చాలన్నారు అల్బినీ. ఆ మాటంటే నాకెంతో గౌరవం.

అయితే 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' పాటల్ని విడుదలకు ముందు మరో ప్రొడ్యూసర్ స్కాట్ లిట్ మళ్లీ మిక్స్ చేశారు. 2013 రీఇష్యూలో అల్బినీ మిక్స్‌లూ ఉన్నాయి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే తేడా మీకే తెలుస్తుంది.