డిమ్మర్ తగ్గిస్తే లైట్లు ఎందుకు మిణుకుమంటాయి: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

హాల్లో ఫాల్స్ సీలింగుకి బిగించిన ఎనిమిది డౌన్‌లైట్లూ డిమ్మర్ తగ్గించగానే మిణుకుమంటున్నాయని, రెండుసార్లు లైట్లు మార్పించినా అదే తంతని రాశావు. మూడోసారి కొనకు. గోడలో ఉన్న డిమ్మరు, లైటు వెనక ఎల్‌ఈడీకి కావలసిన కరెంటు సర్దే చిన్న పెట్టె (డ్రైవరు), అన్నీ కలిపి పడే లోడు, ఈ మూడూ ఒకదానికొకటి కుదరాలి. ఎక్కడ కుదరలేదో తేల్చుకోకుండా లైట్లు మార్చడం డబ్బు దండగ.

అన్నిటికంటే ముందు ఒకటి చూడు. మిణుకు ఆ హాలు లైట్లకేనా, ఇల్లంతానా? మోటారు వేసినప్పుడో గీజర్ వేసినప్పుడో ఒక గదిలో లైట్లు మామూలు కంటే ఎక్కువ కాంతిగా వెలిగితే డిమ్మర్ సంగతి పక్కన పెట్టు. అది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, లూజు. త్రీఫేజు సర్వీసులో న్యూట్రల్ వదిలితే 230 వోల్టులు రావాల్సిన చోట 300 దాటిపోవచ్చు. లైట్లేమిటి, టీవీ, ఫ్రిజ్ కూడా పోతాయి. వెంటనే మెయిన్ దించి ఎలక్ట్రీషియన్ని పిలువు. మీటరుకి అవతల అయితే లైన్‌మన్ చూడాలి, నువ్వు చేయి పెట్టొద్దు.

ఇల్లంతా బాగుండి హాల్లోనే గొడవైతే డ్రైవర్ మీద రాసింది చదువు. ‘డిమ్మబుల్’ అని లేకపోతే ఏ డిమ్మరూ దాన్ని సరిగ్గా తగ్గించలేదు. మామూలు డ్రైవర్లలో చాలావాటిని వోల్టేజి హెచ్చుతగ్గులకు తట్టుకునేలా చేస్తారు. 230 వచ్చినా 150 వచ్చినా ఎల్‌ఈడీకి అదే కరెంటు ఇవ్వడం దాని పని. నువ్వు నాబ్ తిప్పుతుంటే అది ఆ లోటు పూడుస్తూ పోతుంది, చివరికి చేతకాక టపటపా కొట్టుకుంటుంది. ఎనిమిదీ ఒకే కంపెనీవి, ఒకే మోడలువి అయి ఉండాలన్నది కూడా ఇక్కడే చూసుకో. ఒక్కటి వేరేదైనా మిగతా ఏడూ దానితో ఊగవచ్చు.

డ్రైవర్ డిమ్మబులే అయితే అనుమానం డిమ్మర్ మీదికి మళ్లాలి. మన మాడ్యులర్ బోర్డుల్లో వచ్చేవి ఎక్కువగా ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చుతో నడిచే డిమ్మర్లు, పాత ఫిలమెంటు బల్బుల కోసం చేసినవి. 50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకి 100 అర్ధ తరంగాలు వస్తాయి. ట్రయాక్ ప్రతి అర్ధ తరంగంలో మొదటి భాగం కోసేసి మిగతాది పంపుతుంది. అలా తెరుచుకున్నాక తరంగం చివరిదాకా నిలబడాలంటే దానిలోంచి కొంత కరెంటు పారుతూనే ఉండాలి. ఎల్‌ఈడీ అంత లాగదు. దాంతో మధ్యలోనే మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. నీకు కనిపించే మిణుకు అదే.

నీ లెక్కే చూడు. 7 వాట్లవి ఎనిమిదంటే 56 వాట్లు. డిమ్మర్ మీద ‘60 నుంచి 400 వాట్లు’ అని ఉంటే కనీసం కూడా అందలేదన్నమాట. రూఢి చేసుకోవడానికి ఒక 60 వాట్ల ఫిలమెంటు బల్బు తెచ్చి ఆ లైన్లోనే ప్యారలల్‌గా కాసేపు కలిపించు. మిణుకు ఆగిందంటే లోడు చాలకపోవడమే కారణం. పరీక్ష అయ్యాక బల్బు తీసేయించు, ఆ వేడి సీలింగులో ఉండకూడదు.

దీనికి మందు ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్. ఇది తరంగం చివరి భాగాన్ని కోస్తుంది, కొద్ది వాట్లకే నిలకడగా పనిచేస్తుంది. కొనేటప్పుడు ఎల్‌ఈడీకి వేరుగా ఎన్ని వాట్లు రాశారో అడుగు, నీకు 100 ఉంటే హాయి. ఫిలమెంటు లెక్క ఒక్కటే రాసి ఉంటే అందులో పదో వంతుకు మించి నమ్మకు. ప్రతి అర్ధ తరంగానికీ డ్రైవర్లలోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుంజుతాయి కాబట్టి 400 వాట్లది 40కి దిగిపోతుంది. అంటే నీ పాత డిమ్మర్ అలాంటిదైతే నీ 56 వాట్లు దాని కనీసం 60కి అందవు, ఈ 40కి మించిపోతాయి, అటూ ఇటూ సరిపోదు.

బిగించేటప్పుడు మెయిన్ బోర్డులో ఆ లైనుకున్న ట్రిప్పు స్విచ్చు (ఎమ్‌సీబీ) దించి, మల్టీమీటరుతో కరెంటు లేదని చూశాకే చేయి పెట్టాలి. చాలా మోడళ్లలో కనీస వెలుగు సర్దే చిన్న స్క్రూ ఉంటుంది. నాబ్ పూర్తిగా తగ్గించి, అన్ని లైట్లూ నిలకడగా వెలిగేదాకా ఆ స్క్రూ తిప్పి, ఇంకాస్త పైన ఆపు. తర్వాత ఆపేసి, ఒక నిమిషం ఆగి, ఆ తగ్గు మీదే మళ్లీ వేయి. ఎనిమిదీ ఒకేసారి వెలగాలి. ఒక్కటి ఆలస్యమైనా స్క్రూ మరికొంచెం పెంచు.

ఫ్యాన్ రెగ్యులేటర్ మిగిలింది కదా అని లైట్లకు పెట్టమంటే ఒప్పుకోకు. స్టెప్పులవాటిలో ఉండేవి కెపాసిటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్‌తో వాటికి పొసగదు, డ్రైవర్ కాలిపోవచ్చు.

గుయ్‌మని మోగితే శబ్దం సీలింగులోంచా, గోడలోంచా అని చెవిపెట్టి విను. సీలింగులోంచైతే ట్రయాక్ కోతకి డ్రైవర్లోని కాయిల్ కంపిస్తోంది, ట్రెయిలింగ్ ఎడ్జ్‌తో చాలావరకు తగ్గుతుంది. గోడలోంచి వస్తూ ప్లేటు చేయి పెట్టలేనంత వేడెక్కితే ఓవర్‌లోడు, వెంటనే ఆపు.

స్విచ్ ఆపినా లైట్లు సన్నగా వెలగడం వేరే జబ్బు. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా కాస్త కరెంటు పోతుంది, అది లేని స్విచ్ పెట్టించు. స్విచ్ ఫేజు మీద కాక న్యూట్రల్ మీద ఉన్నా ఇంతే, అది ప్రమాదం కూడా. ఆపేశామనుకుని లైటు విప్పితే ఫేజు అక్కడే ఉంటుంది. టెస్టర్ పక్క వైర్ల నుంచి ఊరికే పుట్టే ప్రేరిత వోల్టేజికి కూడా వెలిగి మోసం చేస్తుంది కాబట్టి మల్టీమీటరుతో ఎర్త్‌కి కొలిపించు. ఆపేశాక కూడా 230కి దగ్గరగా చూపిస్తే వైరింగ్ తప్పు. అదంతా సరిగ్గా ఉండి, వైర్లు దూరం పక్కపక్కనే పరుగెత్తడం వల్ల వెలుగుతుంటే, లైటుకి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఎక్స్2 రకం (ఇంటి కరెంటుకి అడ్డంగా వేయడానికే చేసిన) కెపాసిటర్ ఒకటి వేయిస్తే ఆగుతుంది. మామూలు కెపాసిటర్ మాత్రం వద్దు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడే మిణుకుమంటే అది నునుపైన సైన్ తరంగం బదులు చదరపు తరంగం ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండాలి. డిమ్మర్‌కి సైన్ తరంగం కావాలి. ఆ లైను ఇన్వర్టర్ నుంచి తప్పించి, హాల్లో డిమ్మర్ లేని లైటు ఒకటి ఇన్వర్టర్‌కి కలిపించు.

సీలింగు అంచుల్లో స్ట్రిప్పు కూడా వేయిస్తానన్నావు. దాని లెక్క వేరు. 12 వోల్టులది మీటరుకి 14.4 వాట్లైతే 5 మీటర్లకి 72 వాట్లు, 6 ఆంపియర్లు. 100 వాట్ల సప్లై తీసుకో. గోడ డిమ్మర్ దానికి పనికిరాదు. సప్లైకీ స్ట్రిప్పుకీ మధ్య 8 ఆంపియర్లు మోసే పీడబ్ల్యూఎమ్ డిమ్మర్ (కరెంటుని చాలా వేగంగా ఆపి వేస్తూ వెలుగు తగ్గించేది) పెట్టాలి. చివర వెలుగు తగ్గితే రెండు కొసల నుంచీ కరెంటు ఇప్పించు, లేదా మొదటే 24 వోల్టులది కొను.

డిమ్మర్ వెనక లేబుల్, డ్రైవర్ లేబుల్ రెండూ ఫొటో తీసి పంపు. నేను చూశాక కొందువు గాని.

ఇట్లు,
మీ మామయ్య