అంగ్కోర్ వెళ్ళబోతున్న సుధకు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

కంబోడియా గుళ్ళు చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమమ్మా. మొదటిరోజే చీకటితో లేచి అంగ్కోర్ వాట్ ముందు ఫొటో కోసం తోసుకోవద్దు. బాంతియే స్రేతో మొదలుపెట్టు. 967లో ప్రతిష్ఠించిన శివాలయం, ఎర్రటి ఇసుకరాయి, గుడి చిన్నదే. అక్కడ దక్షిణం వైపు గ్రంథాలయం అని పిలిచే కట్టడం ఉంది, దాని తూర్పు ముఖం దగ్గర తీరిగ్గా నిలబడు. రావణుడు కైలాసాన్ని కుదుపుతుంటాడు, పార్వతి బెదిరి శివుణ్ణి పట్టుకుని ఉంటుంది, కింద ఏనుగులు, సింహాలు పరుగు తీస్తుంటాయి. ఆ కథ నీకెవరూ చెప్పక్కర్లేదు. అలాగని 'ఇవన్నీ మనవే' అని మాత్రం అక్కడ అనకు. కట్టించినవాళ్ళూ చెక్కినవాళ్ళూ ఖ్మేర్లు, అంటే కంబోడియా వాళ్ళే. అంగ్కోర్ వాట్‌లో ఇప్పుడు పూజలందుకునేది బుద్ధుడు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకో, లేకపోతే పై అంతస్తుకి ఎక్కనివ్వరు.

బాంతియే స్రే దారిలోనే మందుపాతరల మ్యూజియం ఉంది. తప్పకుండా ఆగి చూడు. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో పదిహేను నుంచి ఇరవై లక్షల మంది పోయారు. ఆ తర్వాతా పోరు 1990ల చివరిదాకా నడిచింది. ఆ మధ్యలోనే, 1986 నుంచి 1993 వరకు, మన పురావస్తు శాఖవాళ్ళు అంగ్కోర్ వాట్‌కి మరమ్మతులు చేశారంటే ఎంత ధైర్యమో ఆలోచించు! ఆ పోరులో పెట్టిన మందుపాతరలు పెద్ద గుళ్ళ చుట్టూ తీసేశారు, టెన్షన్ పడకు. కానీ దూరంగా ఉన్న కూలెన్ కొండకో, కో కేర్ గుళ్ళకో వెళ్తే నడిచే బాట దిగొద్దు, ఒంటేలుకైనా సరే చెట్టు చాటుకి వెళ్ళొద్దు. ప్రేహ్ విహేర్ గుడి థాయ్‌లాండ్ సరిహద్దు మీదుంది, 2025లో అక్కడ మళ్ళీ కాల్పులు జరిగాయి. ఈసారికి ఆ గుడి వదిలెయ్.

అసలు చెప్పాలనుకున్నది ఇది. అక్కడ యాభై దాటిన వాళ్ళెవరు కనిపించినా, ఖ్మేర్ రూజ్ పాలించిన ఆ నాలుగేళ్ళూ బతికి బయటపడ్డవాళ్ళే అనుకో. 'మీ ఇంట్లో ఎవరు పోయారు' అని గైడ్‌ని అడగొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు, అప్పుడు ఫోన్ సంచిలో పెట్టి విను. గుడి దారుల్లో చెట్ల కింద పాతరలకు కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు చాప పరుచుకుని వాద్యాలు వాయిస్తుంటారు, కట్టుడు కాలు పక్కన పెట్టుకుని. ఫొటో తీసుకుని వెళ్ళిపోకు. ఒక పాట పూర్తిగా విని, చేతనైనంత ఇవ్వు.

అనాథాశ్రమం చూపిస్తామని ఎవరైనా పిలిస్తే మాత్రం వెళ్ళకు. టూరిస్టుల డబ్బు కోసం అమ్మానాన్నలున్న పిల్లల్ని కూడా అలాంటి చోట్ల పెడుతుంటారు. పిల్లలకి సాయం చెయ్యాలనుంటే, నువ్వు కొనే గుడి టికెట్‌లోంచే 2 డాలర్లు కాంథా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి.

మూడు రోజుల టికెట్టే తీసుకో, 62 డాలర్లు. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. డాలర్లు మార్చేటప్పుడే నోట్లు చూసుకో, కాస్త చిరిగినా అక్కడ తీసుకోరు.

మీ పెద్దమ్మ