వార్షిక నివేదికలో కొత్త కోర్సులు చెప్పారు, ఫీజు పెంచారు: అమ్మాయిని అక్కడే ఉంచాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఏలూరు. మా అమ్మాయి క్రిస్టియన్ మేనేజ్‌మెంట్ నడిపే ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న యాన్యువల్ డే నాడు వార్షిక నివేదిక చదివారు. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు వచ్చాయట. వచ్చే ఏడాది తొమ్మిదిలో ఏఐ సబ్జెక్టు, రోబోటిక్స్ ల్యాబ్, జర్మన్ భాష, మెడికల్-ఐఐటీ ప్రవేశ పరీక్షల ఫౌండేషన్ కోచింగ్ పెడతారట, త్వరలో 11వ తరగతి కూడా మొదలవుతుందట. ఫీజు 62 వేల నుంచి 78 వేలకు పెరుగుతోంది. పాపకు బయాలజీ అంటే ప్రాణం, డాక్టరు కావాలంటుంది. మేం హిందువులం. స్కూల్లో రోజూ ప్రార్థన, వారానికో బైబిల్ క్లాసు ఉంటాయి. పై తరగతుల్లో చదువుకు అడ్డమవుతాయేమోనని మా అత్తగారి భయం. ఇక్కడ చదివితే మైనారిటీ కోటాలో సీటు వస్తుందని ఒకరన్నారు, నిజమేనా? ఉంచాలా, కార్పొరేట్ స్కూలుకు మార్చాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మార్చే ఉద్దేశం ఉంటే ఈ వేసవిలోనే మార్చండి. లేదంటే పదో తరగతి పూర్తయ్యే దాకా కదపకండి. సీబీఎస్ఈలో పదో తరగతి పరీక్షకు పునాది తొమ్మిదిలోనే పడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, సబ్జెక్టులు బోర్డుకు రిజిస్టర్ చేస్తారు. ఆ తర్వాత నేరుగా పదిలో వేరే స్కూల్లో చేరాలంటే తల్లిదండ్రుల బదిలీ లాంటి బలమైన కారణం, బోర్డు అనుమతి కావాలి. "తొమ్మిది ఇక్కడ చూద్దాం, నచ్చకపోతే పదికి మారుద్దాం" అనుకున్నవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

మీరు రాసినదాన్ని బట్టి నా సలహా ఉంచమనే. అయితే నివేదికలో చెప్పినవన్నీ ఒకే తూకానివి కావు. కొన్నిటికి ఫీజు కట్టవచ్చు, కొన్నిటికి అక్కర్లేదు. అవేవో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

ముందు ఆ నూరు శాతం సంగతి. ఇది అబద్ధమని నేననను, కానీ ఆ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. సీబీఎస్ఈ స్కూళ్లన్నీ తమ వెబ్‌సైట్లో 'మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్' అనే పత్రం పెట్టాలి. అందులో గత మూడేళ్ల ఫలితాల పట్టిక ఉంటుంది: ఎంతమంది రిజిస్టర్ అయ్యారు, ఎంతమంది పాసయ్యారు, శాతం ఎంత. మీరు చూడాల్సింది శాతం గడి కాదు, రిజిస్టర్ అయినవాళ్ల గడి. ఉదాహరణకు ఈ ఏడాది పదిలో 54 మంది రిజిస్టరై 54 మందీ పాసయ్యారనుకోండి. రెండేళ్ల కిందట ఇదే బ్యాచ్ ఎనిమిదిలో ఎంతమంది ఉన్నారో ఆఫీసులో అడగండి. 56 అంటే నిజంగా గొప్ప ఫలితం. 78 అంటే మిగతా 24 మంది ఎక్కడికి పోయారన్నది అడగాల్సిన ప్రశ్న. కొందరు బదిలీల వల్ల పోయి ఉండొచ్చు, మరికొందరికి చదువు అంతంతమాత్రంగా ఉందని టీసీ ఇచ్చి పంపి ఉండొచ్చు. అదే పత్రంలో టీచర్ల సంఖ్య, సెక్షన్‌కు ఎంతమంది టీచర్లున్నారు, స్పెషల్ ఎడ్యుకేటర్, కౌన్సెలర్ ఉన్నారా, ల్యాబ్‌లు ఎన్ని, వాటి కొలతలెంత అన్నవీ ఉంటాయి. నివేదికలో విన్న మాటను ఈ పత్రంతో సరిపోల్చడానికి అరగంట చాలు.

ఏఐ సబ్జెక్టు విషయంలో తల్లిదండ్రులకు చాలా అయోమయం ఉంది. సీబీఎస్ఈలో ఏఐ పేరుతో రెండు రకాలున్నాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో ఉండేది 15 గంటల చిన్న మాడ్యూల్, పరిచయం కోసం మాత్రమే. తొమ్మిది, పదిలో ఉండేది కోడ్ 417తో బోర్డు గుర్తించిన స్కిల్ (వృత్తి నైపుణ్య) సబ్జెక్టు. దానికి 100 మార్కులు: 50 థియరీ, 50 ప్రాక్టికల్. ఏఐ ప్రాజెక్టు ఎలా నడుస్తుంది, డేటా, కంప్యూటర్ విజన్, భాషను అర్థం చేసుకోవడం, నైతిక ప్రశ్నలు, కొంచెం పైథాన్ ఇందులో వస్తాయి. మీ స్కూలు పెడుతున్నది 417 అయితే, ఐదు ప్రధాన సబ్జెక్టులకు అదనంగా ఆరో సబ్జెక్టుగా తీసుకున్న పిల్లకు ఒక ఆసరా కూడా దొరుకుతుంది. సైన్స్, మ్యాథ్స్, సోషల్‌లో ఏదైనా ఒకటి తప్పితే, పాసైన స్కిల్ సబ్జెక్టు దాని స్థానంలోకి వస్తుంది. అయితే డాక్టరు కావాలనుకునే పిల్లకు సైన్స్ స్థానంలో ఏఐ మార్కులు వస్తే లాభం లేదు, 11లో సైన్స్ గ్రూపు దొరకదు. కాబట్టి దీన్ని ఇష్టంగా చదివే సబ్జెక్టుగానే చూడండి.

ఇలా అడగండి: "ఇది 417నా, లేక బయటి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్టా? తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లో ఈ కోడ్ వేస్తారా? చెప్పే టీచరు మన స్టాఫా, వారానికి ఒకసారి వచ్చే ట్రైనరా?" బయటి కంపెనీ సర్టిఫికెట్టయితే దానివల్ల ఏ అడ్మిషన్‌లోనూ ఒక్క మార్కు కలవదు. దానికోసం అదనంగా అడిగితే కట్టకండి. ఇదే స్కూల్లో స్కిల్ సబ్జెక్టుగా హెల్త్ కేర్ (కోడ్ 413) పెట్టే ఆలోచన ఉందేమో కూడా కనుక్కోండి. మీ పాప ఇష్టానికి అదే దగ్గర.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఫౌండేషన్. ఎందుకో టైమ్‌టేబుల్ వేసి చూస్తే తెలుస్తుంది. రోజుకు 8 పీరియడ్లు, వారానికి ఆరు రోజులు అనుకుంటే 48 పీరియడ్లు. ఇంగ్లిష్‌కు 7, తెలుగు లేదా హిందీకి 6, మ్యాథ్స్‌కు 8, సైన్స్‌కు 9, సోషల్‌కు 7 ఇస్తే 37 అయ్యాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా రోజుకో ఆటల పీరియడ్ ఉండాలని బోర్డు నియమం, అవి 6. మొత్తం 43. ఏఐకి 3, బైబిల్ లేదా నీతిబోధకు 1, లైబ్రరీకి 1 వేస్తే 48 నిండిపోయాయి. ఫౌండేషన్‌కు ఇంకో ఆరు పీరియడ్లు ఎక్కణ్నుంచి తెస్తారు? సాయంత్రం నాలుగు తర్వాత పెట్టాలి, లేదా ఆటలు, సోషల్, తెలుగు కోయాలి. చాలాచోట్ల జరిగేది రెండోదే. తెలుగు, సోషల్ పీరియడ్లు తగ్గితే పదిలో ఆ మార్కులే తగ్గుతాయి, ఆటలు పోతే పిల్ల సాయంత్రానికి వడలిపోతుంది. బడివేళల్లో సమాంతరంగా కోచింగ్ నడపొద్దని సీబీఎస్ఈ 2019లోనే స్కూళ్లకు చెప్పింది. అందుకే ఫీజు రసీదు కన్నా ముందు తొమ్మిదో తరగతి టైమ్‌టేబుల్ చూపించమనండి. ఇంకా వెయ్యలేదంటే ఈ ఏడాది తొమ్మిదిది చూపించి, ఏ పీరియడ్లు మారతాయో చెప్పమనండి.

నీట్ కోసం ఎనిమిది, తొమ్మిదిలో ప్రత్యేక కోచింగ్ అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో బయాలజీ 90 ప్రశ్నలు, 360 మార్కులు. ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 45. బయాలజీ ఇష్టమున్న పిల్లలు ఆ సగంలో బాగానే తెచ్చుకుంటారు, ర్యాంకు పడిపోయేది ఫిజిక్స్‌లో. ఫిజిక్స్ రాకపోవడానికి కారణం చాలాసార్లు ఫిజిక్స్ కాదు, లెక్కలు: నిష్పత్తులు, ఘాతాంకాలు, గ్రాఫు చదవడం, ప్రమాణాలు మార్చడం. నీట్‌లో మ్యాథ్స్ పేపరు లేదు కదా అని తొమ్మిదిలో లెక్కలు వదిలేసిన పిల్లలు 11లో మొదటి రెండు నెలల్లోనే తెల్లమొహం వేస్తారు. కాబట్టి పదిలో సులువుగా ఉండే బేసిక్ మ్యాథ్స్ (241) కాకుండా స్టాండర్డ్ (041) తీసుకునేలా ఇప్పట్నుంచే సిద్ధం చెయ్యండి. ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకంలో ప్రతి పాఠం చివరి లెక్కలన్నీ పాప సొంతంగా చెయ్యగలిగితే అదే ఫౌండేషన్. స్కూలు ఫౌండేషన్‌ను ఇష్టమైనవాళ్లకు మాత్రమే పెడితే తొమ్మిదిలో వద్దనండి. తప్పనిసరి చేస్తే మెటీరియల్, టెస్టుల ఖర్చు ఆ 78 వేలలోనే ఉందా, జులైలో మళ్లీ అడుగుతారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

జర్మన్ మాట కూడా ఇంతే. తొలి మెట్టయిన ఏ1 స్థాయికి 45 నిమిషాల పాఠాలు 80 నుంచి 200 దాకా కావాలని జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ అంచనా. వారానికి ఒక పీరియడ్ చొప్పున ఏడాదికి 40 కూడా రావు. సరదాకు నేర్చుకుంటే మంచిదే. రోబోటిక్స్ ల్యాబ్‌కు వెళ్లి కిట్లు ఎన్ని, ఒక్కో కిట్‌కు పిల్లలు ఎంతమంది అని లెక్కపెట్టండి. నలుగురికి ఒకటి ఉంటే పని జరుగుతుంది. పదిమందికి ఒకటైతే ఒకళ్లు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు.

11వ తరగతి గురించి ఇప్పుడే నిర్ణయించకండి. స్కూళ్ల గుర్తింపు వివరాలుండే సీబీఎస్ఈ సరస్ పోర్టల్లో మీ స్కూలు అఫిలియేషన్ 'సెకండరీ' (పదో తరగతి) దాకానా, 'సీనియర్ సెకండరీ'కి (12వ తరగతికి) పెంచారా అన్నది కనిపిస్తుంది. అనుమతి రాకముందే అడ్మిషన్లు తీసుకుంటే పిల్లలే నష్టపోతారు. అనుమతి ఉన్నా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీకి వేర్వేరు ల్యాబ్‌లున్నాయా, పీజీ చదివిన లెక్చరర్లు చేరారా అన్నది చూడాలి. మొదటి బ్యాచ్‌లో పిల్లలు తక్కువ కాబట్టి శ్రద్ధ బాగుంటుంది, కానీ ఏడాది మధ్యలో ఒక్క ఫిజిక్స్ లెక్చరర్ మానేస్తే మళ్లీ దొరకడం కష్టం. పాప పదిలో ఉండగా జనవరిలో కూర్చుని తేల్చుకోవచ్చు. అప్పుడు ఇంకో సంగతీ లెక్కలోకి తీసుకోండి: అగ్రికల్చర్, ఫార్మసీ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో తీసేశారు. మెడిసిన్‌తో పాటు ఇవీ మనసులో ఉంటే 12వ తరగతి మార్కులు తేలిగ్గా తీసుకునేవి కావు.

ఇక మీ అత్తగారి భయం. పెద్దావిడ అడిగింది సరైన ప్రశ్నే, సూటిగా జవాబు చెప్పండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా, మైనర్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధనకు గానీ ప్రార్థనకు గానీ హాజరు తప్పనిసరి చెయ్యకూడదు. రాజ్యాంగం 28(3) అధికరణంలోనే ఉంది. చాలా కాన్వెంట్లలో క్రైస్తవ పిల్లలకు కేటకిజం (క్రైస్తవ మతబోధ), మిగతావాళ్లకు మోరల్ సైన్స్ వేరుగా నడపడం పాత పద్ధతే. మీ స్కూల్లో ఆ ఏర్పాటు ఉందేమో అడగండి. ఇబ్బంది లేకపోతే అలాగే కొనసాగించండి. వారానికి 48లో ఒక్క పీరియడ్ వల్ల నీట్ పోదు.

మైనారిటీ కోటా గురించి మీకు చెప్పిన మాట తప్పు. క్రైస్తవ మైనారిటీ కాలేజీల్లో ఆ సీట్లు విద్యార్థి ఏ మతానికి చెందినదన్న దాన్ని బట్టి వస్తాయి, ఏ బడిలో చదివిందన్న దాన్ని బట్టి కాదు. వెల్లూరు సీఎంసీ లాంటి క్రైస్తవ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్‌కు కూడా నీట్ రాయాల్సిందే. ఆ ఆశతో స్కూలు ఎంచుకోకండి.

కార్పొరేట్‌కు మారితే దక్కేది వారం వారం టెస్టులు, పోటీ వాతావరణం. పోయేది ల్యాబ్, లైబ్రరీ, ఆటలు, తెలిసిన టీచర్లు. బోర్డు మారి స్టేట్ సిలబస్ అయితే తొమ్మిది మొదట్లో సర్దుకోవడానికి ఒక టర్మ్ పడుతుంది. బయాలజీ మీద ఇష్టంతో చదువుతున్న పిల్లకు ఆ మార్పు ఇప్పుడు అవసరం లేదు. 2026 నుంచి సీబీఎస్ఈ పదో తరగతికి ఏడాదిలో రెండు పరీక్షలు వచ్చాయి: మొదటిది అందరూ రాయాలి, మే నెలలో జరిగే రెండోదాంట్లో కావాలంటే మూడు సబ్జెక్టుల దాకా మార్కులు మెరుగుపరుచుకోవచ్చు. ఆ వెసులుబాటు కూడా మీకు కలిసొస్తుంది.

ఫీజు కట్టే రోజున మూడు కాగితాలు వెంట తెచ్చుకోండి: 78 వేలలో ఏమేం కలిశాయో చెప్పే పట్టిక, తొమ్మిదో తరగతి టైమ్‌టేబుల్, ఏఐ 417గా రిజిస్టర్ చేస్తామన్న రాతపూర్వక మాట. రిజిస్ట్రేషన్ నింపేటప్పుడు పాప పేరు, మీ ఇద్దరి పేర్లు ఆధార్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో ప్రింటు తీయించి మీరే చదవండి. నీట్ దరఖాస్తు నాడు ఈ తేడాలతోనే కుటుంబాలు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాయి. ఆరో తరగతి నుంచి ప్రతి ఏటా స్టడీ సర్టిఫికెట్ తీసుకుని ఒకే ఫైల్లో పెట్టండి, సీట్ల కౌన్సెలింగ్‌లో లోకల్ అభ్యర్థిగా తేలడానికి అవి అడుగుతారు.