చైనా యూనివర్సిటీకి వెళ్తున్నారా? ముందు పాస్‌పోర్టులో మీ పేరు చూసుకోండి

ప్రశ్న అడిగినవారు సెప్టెంబరులో చైనాకి మాస్టర్స్ చదవడానికి వెళ్తున్నారట. చైనీస్ రాదు, తిండితో ఎక్కువ కష్టమా భాషతో ఎక్కువ కష్టమా, మొదటి నెలకి ఎలా సిద్ధపడాలి అని అడుగుతున్నారు. ఆ రెండూ కాదండీ. తిండికి వారం తిరిగేసరికి ఏదో దారి దొరుకుతుంది. భాషకి ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఉంది. తెలుగు పిల్లల్ని అక్కడ మొదటి నెలంతా తిప్పలు పెట్టేది వాళ్ల పేరే. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి చూడండి. మిషన్ చదివేది వాటినే. ఒక్కో వరసలో 44 గళ్లు. పై వరసలో మొదటి 5 గళ్లు పత్రం రకానికీ దేశం కోడ్‌కీ పోతాయి, పేరుకి మిగిలేవి 39. ఇంటిపేరు తర్వాత రెండు గళ్లు, ఒక్కో పేరుకీ మధ్య ఒక గడి ఖాళీ గుర్తుకి పోతాయి. గుడిమెట్ల వెంకట సత్య సూర్య నారాయణ మూర్తి అనే పేరునే తీసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంటిపేరుకి 9 అక్షరాలు, వెంకటకి 7, సత్య, సూర్యలకి చెరో 5, నారాయణకి 8. మధ్య గుర్తులతో కలిపితే సరిగ్గా 39 అయిపోయాయి. మూర్తికి చోటు లేదు. పైన అచ్చులో మాత్రం పూర్తి పేరు ఉంటుంది. యూనివర్సిటీ వాళ్లు అడ్మిషన్ లెటర్ ఆ అచ్చు చూసి టైపు చేస్తారు, స్కానర్ కింది వరస చూసి చదువుతుంది. దాంతో ఒకే మనిషికి రెండు పేర్లు తయారవుతాయి.

బ్యాంకులో ఏం జరుగుతుందో చూడండి. టోకెన్ తీసుకుని చాలాసేపు కూర్చున్నాక మీ నంబరు వస్తుంది. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టుని స్కానర్ మీద పెడుతుంది. స్క్రీన్ మీద నారాయణ దగ్గర ఆగిపోయిన పేరు పడుతుంది. మీరిచ్చిన యూనివర్సిటీ లెటర్లో మూర్తి కూడా ఉంది. ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్తుంది, ఆఖర్న ఆగి లోపలున్న మేనేజర్ని పిలుస్తుంది. ఆయన వచ్చి చేత్తో కొట్టమంటాడు. ఇంటిపేరు ముందు రావాలా వెనక రావాలా, పేర్ల మధ్య ఖాళీ ఉండాలా అక్కర్లేదా, అన్నీ పెద్దక్షరాలేనా అన్నది ఆ బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ని బట్టి, అక్కడ కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది. ఖాతా మాత్రం తెరుస్తారు. ఇబ్బంది బయటికొచ్చి ఆలిపే, వీచాట్ అనే అక్కడి చెల్లింపు యాప్‌లకి (వీచాట్‌లో మెసేజ్‌లు కూడా నడుస్తాయి) ఆ కార్డు కలిపేటప్పుడు మొదలవుతుంది. పేరు, పాస్‌పోర్టు నంబరు, బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు మూడూ బ్యాంకు దగ్గరున్న వాటితో అచ్చంగా కలవాలి. ఒక్క ఖాళీ తేడా ఉన్నా వివరాలు సరిపోలేదంటుంది, ఏది సరిపోలేదో మాత్రం చెప్పదు.

అందుకే కౌంటర్ వదలకముందే బ్యాంకు అచ్చువేసిన కాగితం మీద మీ పేరు ఎలా పడిందో ఫోటో తీసుకోండి. ఇకమీదట ఏ యాప్‌లోనైనా అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టండి. వీలైతే ఆ కార్డుని ఫోన్‌లో కలిపాకే అక్కణ్ణించి లేవండి, కలవకపోతే వాళ్లే అక్కడికక్కడ సరిచేస్తారు. స్కాలర్‌షిప్ వచ్చేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో నెలకి డిగ్రీ వాళ్లకి 2,500, మాస్టర్స్‌కి 3,000, పీహెచ్‌డీకి 3,500 యువాన్లు. యూనివర్సిటీ జాబితాలో పేరూ ఖాతాలో పేరూ కలవకపోతే ఆ డబ్బు వెనక్కి వెళ్లిపోతుంది, తిరిగి రావడానికి వచ్చే నెల దాకా చూడాలి.

ఇక పనుల వరస. ఇది తప్పితే పేరు బాగున్నా లాభం లేదు. దిగిన 24 గంటల్లోపు పోలీసు రిజిస్ట్రేషన్ అయిపోవాలి. హోటల్లో దిగితే హోటలే చేస్తుంది. హాస్టల్లో అయితే విదేశీ విద్యార్థుల ఆఫీసు చేయిస్తుంది, అయినా చేశారో లేదో అడిగి ఆ స్లిప్పు తీసుకోండి. బయట అద్దెకి ఉంటే మీరే అద్దె ఒప్పందం, ఇంటాయన గుర్తింపు కార్డు కాపీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలి. ఏం కాదులే అని చెప్పే సీనియర్ల మాట వినకండి, చట్టంలో దీనికి 2,000 యువాన్ల దాకా జరిమానా ఉంది. ఇల్లు మారినా మళ్లీ చేయించాలి.

ఆ వెంటనే పాస్‌పోర్టుతో సిమ్ కార్డు, ఆ నంబరుతో బ్యాంకు ఖాతా. ఈ రెండూ మొదటి వారంలోనే ఎందుకంటే, ఎక్స్1 వీసాతో (దీర్ఘకాల చదువుకి ఇచ్చేది) దిగిన 30 రోజుల్లోపు ఇమిగ్రేషన్ ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టుకోవాలి, పెట్టిన రోజే పాస్‌పోర్టు వాళ్లు తీసుకుని రసీదు ఇస్తారు. రెండు మూడు వారాలు పాస్‌పోర్టు మీ చేతిలో ఉండదు. ఆ రసీదు చూపిస్తే ఖాతా తెరవడం కుదరదనే బ్యాంకులే ఎక్కువ. పర్మిట్‌కి పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, యూనివర్సిటీ నుంచి వచ్చే స్టూడెంట్ వీసా దరఖాస్తు పత్రమైన జెడబ్ల్యూ ఫారం (ప్రభుత్వ స్కాలర్‌షిప్ అయితే 201, సొంత ఖర్చైతే 202), యూనివర్సిటీ ఉత్తరం, పోలీసు స్లిప్పు, మెడికల్ రిపోర్టు, 33×48 మిల్లీమీటర్ల ఫోటో కావాలి. ఏడాది లోపు పర్మిట్‌కి ఫీజు 400 యువాన్లు. మెడికల్‌కి పరగడుపున వెళ్లండి. ఇండియాలో చేయించుకున్న ఫారం మీద ఆసుపత్రి ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలి. లేకపోతే మొత్తం పరీక్షలు అక్కడ మళ్లీ చేయించి డబ్బు కట్టించుకుంటారు. వీసా గడువు దాటి ఉండిపోతే రోజుకి 500 యువాన్లు, గరిష్ఠంగా 10,000.

ఖాతా వచ్చేదాకా గడవాలి కదా. ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసిన వీసా లేదా మాస్టర్‌కార్డు ఆలిపేలో కలపండి. 200 యువాన్ల వరకు చెల్లింపుకి అదనపు ఛార్జీ లేదు, దాటితే 3 శాతం పడుతుంది. స్నేహితులకి డబ్బు పంపడం విదేశీ కార్డుతో కుదరదు. ఇండియా బ్యాంకు ఓటీపీల కోసం మీ పాత సిమ్ రోమింగ్‌లో బతికుండాలి. వీచాట్ సంగతి ఇంకో తలనొప్పి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది, కాబట్టి ఇక్కణ్ణించి పెట్టుకు వెళ్లలేరు. అక్కడ కొత్త ఖాతా తెరవాలంటే పాత యూజర్ ఒకరు తన ఫోన్‌తో స్కాన్ చేసి ఒప్పుకోవాల్సి వస్తుంది. యూనివర్సిటీ నోటీసులన్నీ అందులోనే వస్తాయి, కాబట్టి ఒక సీనియర్‌ని ముందే మాట్లాడి పెట్టుకోండి. వాట్సాప్, యూట్యూబ్ చైనా సిమ్‌తో తెరుచుకోవు, రోమింగ్ డేటాతో తెరుచుకుంటాయి.

తిండి, చలి గురించి నాలుగు ముక్కలు. శాకాహారులు క్యాంటీన్‌లో టోఫూ, బీన్స్ చూసి మోసపోకండి, వాటిలోనూ తరచూ పోర్క్ కైమా వేస్తారు. హాస్టల్ గదుల్లో రైస్ కుక్కర్ చాలాచోట్ల నిషేధం, కొన్నిచోట్ల అంతస్తుకో వంటగది ఉంటుంది. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు, అడాప్టర్ పట్టుకెళ్లండి. గదుల్లో కేంద్రీకృత హీటింగ్ ఉత్తరాదికే. వూహాన్, నాన్‌జింగ్ వైపు వెళ్లేవాళ్లకి బీజింగ్ వాళ్లకన్నా గది లోపల ఎక్కువ చలి.

మళ్లీ పేరు దగ్గరికి వస్తాను, ఎందుకంటే తప్పంతా అక్కడికి వెళ్లాక జరిగేది కాదు. మన పదో తరగతి మెమోలో చాలామందికి ఇంటిపేరు ముందు ఉంటుంది, కొందరికి కొన్ని పేర్లు ఇనీషియల్సుగానే ఉంటాయి. పాస్‌పోర్టులో అవన్నీ విప్పి రాస్తారు, కొందరికి ఇంటిపేరు గడే ఖాళీగా ఉంటుంది. చాలామంది ఏజెంట్లు మెమో చూసి ఫారం నింపేస్తారు, పాస్‌పోర్టు తెరిచైనా చూడరు. లక్షలు తీసుకుని ఇంత చిన్న పని చేయకపోవడం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు. ఎంబీబీఎస్‌కి పంపేటప్పుడూ అంతే. మన దేశంలో వైద్యవిద్యని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నవంబరు నాటి నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకి తగ్గకూడదు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. తల్లిదండ్రులకి ఈ మాట చెప్పి కాగితం మీద చూపించే ఏజెంటు అరుదు.

కాబట్టి దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే రీ-ఇష్యూకి పెట్టి విడివిడిగా రాయించుకోండి. దరఖాస్తు పెట్టాక మారిస్తే పాస్‌పోర్టు నంబరు మారుతుంది, అడ్మిషన్ లెటర్, జెడబ్ల్యూ ఫారం మళ్లీ తెప్పించుకోవాలి. గడువు కూడా కోర్సు అంతటికీ సరిపోయేలా చూసుకోండి. మధ్యలో కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే 10 రోజుల్లోపు పర్మిట్ మార్పుకి వెళ్లాలి, తర్వాత బ్యాంకు, సిమ్, యాప్‌లు అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. మెమోలో పేరూ పాస్‌పోర్టులో పేరూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి ఇంగ్లీషులో చేయించి దగ్గర పెట్టుకోండి.

ఆఖరి ఏడాదిలో సర్టిఫికెట్ మీద వేయబోయే పేరు చూసుకోమని ఆఫీసు అడుగుతుంది. అప్పుడు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ప్రతి అక్షరం చూడండి. చదువు పూర్తయినట్టు ఇచ్చేది ఒకటి, డిగ్రీది ఇంకొకటి, రెండు కాగితాలుంటాయి, రెండిట్లోనూ చూడండి. అవి పోతే చైనాలో మళ్లీ అచ్చువేసి ఇవ్వరు, బదులుగా ఒక ధ్రువీకరణ పత్రం మాత్రమే ఇస్తారు.