ఈస్టర్ విందు ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ముందు ఏప్రిల్ 8 సంగతి చూడండి

ప్రశ్న: వందనాలండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, జీతం 36 వేలు, ఇంటి ఖర్చు 27 వేలు. ఇంట్లో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. అమ్మకు 66 ఏళ్లు, షుగరు ఉంది. నాలుగేళ్ల తరువాత మా చెల్లెలూ బావగారూ కువైట్ నుంచి వస్తున్నారు. ఈస్టర్ రోజు తెల్లారుజామున నాన్నగారి సమాధి దగ్గర ప్రార్థన, తరువాత చర్చి అయ్యాక అందరినీ విశాఖ బీచ్ రోడ్డులో ఏదైనా పెద్ద హోటల్‌కి బ్రంచ్‌కి తీసుకెళ్లాలని ఉంది. 11 మంది పెద్దలం, ముగ్గురు పిల్లలు. పెద్దలకు 1,800, పిల్లలకు 900, పన్ను అదనం అన్నారు. వ్యానుకు 12 వేలు, రాత్రికి గదులు 7,500, బట్టలు 14 వేలు. మొత్తం 60 వేలు తేలుతోంది. ఒక యాప్ నూటికి రూపాయిన్నర వడ్డీకి ఐదు నిమిషాల్లో ఇస్తానంటోంది, నెలకు 5,900 చొప్పున 12 నెలలు. యాప్ మంచిదా, కార్డు ఈఎంఐ మంచిదా? విశాఖా, కాకినాడా? బ్యాంకులో 42 వేలున్నాయి, ఆగస్టులో లక్ష చీటీ చేతికొస్తుంది. కిందటేడు టారిఫ్ గొడవలో రెండు నెలలు సగం జీతమే ఇచ్చారు. మొంథా తుపానుకు వంటింటి రేకులు లేచిపోతే చేసిన 25 వేల అప్పు ఈమధ్యే తీర్చాను. 2021 నుంచి ఉన్న హెల్త్ పాలసీ మార్చి 9తో అయిపోయింది. ప్రీమియం 31,600. అది పండగ అయ్యాక కడదామనుకుంటున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి మాట చదివాక మొదటి ప్రశ్నకు జవాబు రాయబుద్ధి కాలేదు. హోటల్ సంగతి తప్పకుండా చెబుతాను. ముందు పాలసీ.

ఏడాదికోసారి ప్రీమియం కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. మార్చి 9 నుంచి లెక్కేసుకోండి, ఏప్రిల్ 8 బుధవారంతో అది అయిపోతుంది. ఈస్టర్ ఏప్రిల్ 5, ఆదివారం. అంటే పండగ వెళ్లాక మీకు మిగిలేవి మూడే రోజులు. ఆ మూడు రోజుల్లో విశాఖ నుంచి తిరిగి రావాలి, చుట్టాలను సాగనంపాలి, అప్పటికీ ఖాతాలో 31,600 కదలకుండా ఉండాలి. పండగ ఇంట్లో డబ్బు ఎలా కరిగిపోతుందో మీకు నేను చెప్పాలా?

ఇంకొకటి మీరు గమనించినట్టు లేదు. ఈ 30 రోజులూ మీ ఇంట్లో ఎవరికీ కవరేజీ లేదు. ప్రీమియం వాయిదాల్లో కట్టేవాళ్లకు ఈ రోజుల్లోనూ రక్షణ ఉంటుంది. ఏడాదిది ఒకేసారి కట్టే మీలాంటివాళ్లకు పాత పాలసీని తెగకుండా కొనసాగించుకునే హక్కు మాత్రమే ఉంటుంది. ఈ రాత్రి అమ్మగారికి షుగరు పడిపోయి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే బిల్లు ప్రతి రూపాయీ మీదే.

ఏప్రిల్ 8 దాటితే పోయేదేమిటో చూడండి. అమ్మగారి షుగరుకు ఉండే నిరీక్షణ కాలం, అంటే ముందే ఉన్న జబ్బుకు క్లెయిము ఇవ్వని మొదటి కొన్నేళ్లు, మీకు ఎప్పుడో పూర్తయింది. కొత్త పాలసీ తీసుకుంటే మూడేళ్ల దాకా మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాలి. అదీ 66 ఏళ్ల మనిషికి కంపెనీ పాలసీ ఇస్తే! పైగా 2021 మార్చి నుంచి 2026 మార్చి దాకా మీకు సరిగ్గా 60 నెలలు నిండాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం 60 నెలలు తెగకుండా నడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, ఫలానా జబ్బు మీరు ముందు చెప్పలేదన్న వంకతో క్లెయిము తోసిపుచ్చడానికి లేదు. అయిదేళ్లు డబ్బు పోసి ఆ గట్టు ఎక్కారు. ఎక్కిన నెలలోనే, ఒక పూట భోజనం కోసం దిగిపోతానంటున్నారు.

నాకింత కోపం రావడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట మా అమ్మ పాలసీ నేనే మరిచిపోయాను. వెసులుబాటు రోజులు కూడా దాటిపోయి పన్నెండు రోజులయ్యాక డబ్బు పట్టుకెళితే, దాన్ని కొత్త పాలసీ కింద రాశారు. ఏడు నెలలకు ఆవిడకు శుక్లాల ఆపరేషన్ పడింది. శుక్లాలకు రెండేళ్లు ఆగాలన్నారు. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్న అమ్మ ముందు 38 వేలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు.

మీరు ఈ జవాబు చదివిన రోజే 31,600 కట్టేయండి. ఒక ఊరట కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్‌టీ తీసేశారు. మీకు చెప్పిన 31,600లో పన్ను కలిపారేమో రసీదులో చూసుకోండి.

ఇక అప్పు. నూటికి రూపాయిన్నర అనగానే మన ఊళ్లలో చాలా చవకనిపిస్తుంది, యాప్ వాడికీ ఆ సంగతి తెలుసు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వాడు మాత్రం ఆఖరి నెల దాకా పూర్తి 60 వేల మీదే వడ్డీ లెక్కేశాడు. నెలకు 900, పన్నెండు నెలలకు 10,800, అందుకే ఈఎంఐ 5,900 అయింది. మామూలుగా మూడు శాతం దాకా ఉండే ప్రాసెసింగ్ ఫీజూ, దాని మీద జీఎస్‌టీ ముందే కోసేస్తే మీ చేతికొచ్చేది 57,876. తిరిగి కట్టేది 70,800. ఆ లెక్కన అసలు వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయల పావలా, ఏడాదికి 39 శాతం దగ్గర. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం యాప్ మీకు ముందే ఇవ్వాల్సిన వివరాల పత్రంలో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఫీజులు కూడా కలిపిన ఏడాది వడ్డీ శాతం అది. అది చూడకుండా వేలిముద్ర వేస్తే ఐదు నిమిషాలే పడుతుంది, నిజమే. కార్డు ఈఎంఐ దీనికన్నా కొంత నయం, అంతే. చీటీ ఇప్పుడే పాడుకుంటే తోపుడు కింద కొంత సొమ్ము వదులుకోవాలి. భార్య మెడలోది తాకట్టు పెట్టే మాట ఎత్తకండి.

ఈ పొరపాటు మీ ఒక్కరిదీ కాదు కాబట్టే ఇంత రాస్తున్నాను. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తున్నాడని ఒకరు, క్రిస్మస్‌కు ఇంటికి రంగులని ఒకరు, ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. పండగ తేదీ ఏడాది ముందే తెలుసు. జీతం సగమయ్యే తేదీ ఎవరికీ తెలియదు. 2025 ఆగస్టులో అమెరికా మన రొయ్యల మీద సుంకం 50 శాతానికి పెంచింది, మీ ప్లాంటు సగం జీతమిచ్చింది. అక్టోబరు 28 రాత్రి మొంథా వచ్చింది, రేకులు పోయాయి. మూడు నెలల్లో రెండు దెబ్బలు తిన్న ఇల్లు మీది. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమలో పుట్టి, అత్యవసర నిధి పైసా లేకుండా ఉండటం నాకు మింగుడు పడటం లేదు. బ్యాంకులో 42 వేలున్నాయి అన్నారు చూడండి, అది నిధి కాదు. నెలన్నర ఖర్చు.

యాప్‌కు నెలకు 5,900 కట్టగలనన్న ధైర్యం మీకుంది కదా. ఏప్రిల్ నుంచి అదే మొత్తం మీ పేరునే కట్టుకోండి. 4,900 అత్యవసర నిధికి, వెయ్యి పండగలకు, రెండూ వేరువేరు రికరింగ్ డిపాజిట్లుగా. ఆగస్టులో వచ్చే చీటీ లక్ష మొత్తం నిధిలోనే పడాలి, బండీ ఫ్రిజ్జూ అనకుండా. మీ ఖర్చుకు ఆరు నెలలంటే 1,62,000. వచ్చే ఏడాది ఏప్రిల్‌కు అది నిండుతుంది. 2027లో ఈస్టర్ మార్చి 28న, అప్పటికి పండగ ఖాతాలో 11 వేలు ఉంటాయి. మ్యూచువల్ ఫండ్లు, సిప్‌ల గురించి ఆ తరువాత అడగండి.

ఇప్పుడు విందు. ప్రీమియం కట్టాక మీ దగ్గర 10,400 మిగులుతుంది. అసలు విశాఖ ప్రయాణం గంటలు లెక్కేసుకున్నారా? సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, చర్చి ఆరాధన ముగిసేసరికి పది దాటుతుంది. అక్కడి నుంచి విశాఖ వ్యానులో నాలుగు గంటలు. హోటళ్లు బ్రంచ్ మూడు, మూడున్నరకు ఎత్తేస్తాయి. ముసలావిడా పిల్లలూ ఖాళీ కడుపుతో అంతదూరం కుదుపుల్లో వెళ్లి, సర్దేస్తున్న బల్లల ముందు నిలబడటానికా 60 వేలు? లేకపోతే సమాధి దగ్గర ప్రార్థన మానేయాలి. నాలుగేళ్లుగా నాన్న సమాధి చూడని మీ చెల్లెలు దానికి ఒప్పుకుంటుందా?

హోటలే కావాలంటే కాకినాడ. ఎదుర్లంక వారధి దాటి యానాం మీదుగా గంటకు అటూ ఇటూ. సుబ్బయ్య హోటల్ బుట్ట భోజనం రుచి మీకు తెలియనిది కాదు, కానీ ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మాంసం మానిన ఇంట్లో ఆ రోజు శాకాహారం ఎవరికీ ఆనదు. మామూలు రెస్టారెంట్ చూసుకోండి, అక్కడ పన్ను 5 శాతం. గది అద్దె 7,500 దాటే హోటళ్లలో భోజనం మీద 18 శాతం. మీ 22,500 బిల్లుకు ఆ ఒక్క తేడాయే 2,925. సర్వీస్ ఛార్జీ అని బిల్లులో కలిపితే తీసేయమనండి, అది మీ ఇష్టం మీద ఇచ్చేదే. పిల్లల రేటు ఎన్నేళ్ల దాకానో ముందే అడగండి. ప్లేటు 600 పడినా 14 మందికి తొమ్మిది వేల లోపే.

నన్నడిగితే ఇంట్లోనే పెట్టండి. పొద్దున్నే అంబాజీపేట నుంచి పొట్టిక్క ఇడ్లీలు తెప్పించండి, పనసాకు వాసన కువైట్‌లో దొరకదు. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది కాబట్టి ఆ ఆదివారానికి చేప తాజాగానే ఉంటుంది. యానాంలో ముందు రోజు చెప్పి పెట్టుకుంటే పండుగప్ప దొరుకుతుంది. మీ రొయ్యల గురించి మీకు చెప్పేదేముంది. నాటుకోడి, ఒక వంటమనిషి, పెరట్లో కొబ్బరిచెట్ల నీడన చాపలు. ఏడు వేలు దాటదు, చల్లబడ్డాక పిల్లల్ని ఓడలరేవు బీచికి తీసుకెళ్లడానికి పెట్రోలు డబ్బులూ మిగులుతాయి. బావగారు తమ వంతు ఇస్తానంటే నామోషీ పడకండి.

ప్రీమియం కట్టాక వచ్చే కాగితంలో మొదటి పాలసీ మొదలైన తేదీ 2021 మార్చి అనే ఉందో లేదో, అమ్మగారి షుగరు రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఏప్రిల్ 8 లోపే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించుకోండి. ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే, బ్యాంకులకు సెలవు. చెక్కు ఇచ్చే ఆలోచన ఉంటే మానుకుని ఫోనులోనే కట్టేయండి.