‘ఎక్కడో విన్నట్టుందయ్యా’

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. రేణిగుంట దగ్గర నలభై కుటుంబాల చిన్న సంఘం మాది. నాకు మిషన్ జీతం లేదు, కానుకల మీదే ఇల్లు నడవాలి. నా భార్య బట్టలు కుడుతుంది. వారంలో రెండు గృహ కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా రాయవేలూరు ఆస్పత్రికి తోడు వెళ్లడం. శనివారం రాత్రి పదింటికి బైబిలు తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. మొన్న ఒక పెద్ద దైవజనుడి యూట్యూబ్ ప్రసంగాన్ని దాదాపు అలాగే చెప్పేశాను. ఆరాధన అయ్యాక ఇంటర్ చదివే అమ్మాయి వచ్చి, ‘ఎక్కడో విన్నట్టుందయ్యా’ అంటూ ఫోన్‌లో ఆ వీడియోనే పెట్టింది. అప్పటి నుంచి పుల్‌పిట్ ఎక్కాలంటే టెన్షన్. వాళ్లంత బాగా నేనెలా చెప్పగలను?
– పేరు వద్దన్న పాస్టరు

జవాబు: ఆ అమ్మాయి నలుగురికీ చూపించకుండా మీకే చూపించింది. ముందు ఆ బిడ్డకు థ్యాంక్స్ చెప్పండి. వచ్చే ఆదివారం, ‘ఆవేళ నేను చెప్పింది ఫలానా వారి ప్రసంగం’ అని ఒక్క మాట అనేయండి. నిమిషం సేపు తల దించుకుంటారు, అంతే.

వాళ్లంత బాగా అంటారా, చెప్పలేరు. నేనూ చెప్పలేను. నా సంగతే ఒకటి వినండి. 2025 వేసవిలో గంగాధర నెల్లూరు వైపు ఒక సంఘానికి ప్రసంగానికి పిలిచారు. తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరిన రోజులవి. పేపర్లో చూస్తూనే ఉన్నాను. అయినా పాత నోటుబుక్కులోంచి, పంటలో మొదటి కాయలు దేవునికి తేవాలనే ప్రథమ ఫలాల ప్రసంగం తీసుకుని వెళ్లాను. ఎక్కడ చెప్పినా ఆమెన్‌లు పడిన ప్రసంగం. ఆ రోజు పడలేదు. పైగా మూడో బెంచీలో ఒకాయన తల వాల్చి గురక. నాకు ఒళ్లు మండింది. బైబిల్లో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే మూడో అంతస్తు కిటికీలో కునుకు తీసి కింద పడ్డాడే ఐతుకు, ఆ కథ ఎత్తాను. అందరూ నవ్వారు. ఆయన ఉలిక్కిపడి లేచాడు.

బయట చెప్పుల దగ్గర ఆయనే వచ్చి నా చేయి పట్టుకున్నాడు. చొక్కా నిండా మామిడి సొన మరకలు. ‘ఏమనుకోవద్దయ్యా, మూడు రాత్రులుగా ట్రాక్టరు మీదే పడుకుంటుండా. కాయలింకా దించుకోలేదు. మా అన్నను కాపలా పెట్టి ఆరాధనకొచ్చినా’ అన్నాడు.

కాయలు అమ్ముడుపోని మనిషికి ప్రథమ ఫలాలు తెమ్మని ముప్పావుగంట చెప్పి, ఆపైన నవ్వులపాలు చేశాను. పౌలైతే కిందికి దిగివెళ్లి ఆ కుర్రాణ్ణి కౌగిలించుకున్నాడు. ఆ ముక్క నేనా రోజు చెప్పలేదు.

ఎక్కడో కెమెరా ముందు నిలబడ్డ ఆయనకు ఆ మూడు రాత్రుల సంగతి తెలిసే దారి లేదు. మీకుంది. రాయవేలూరు బస్సులో పక్క సీట్లో కూర్చున్నది మీరే కదా. అది ప్రసంగానికి అడ్డమొస్తోందని మీరనుకుంటున్నారు. సోమవారమే వాక్యభాగం ఎంచుకుని చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఇల్లిల్లూ తిరిగేటప్పుడు అది మీతోనే నానుతుంది. నగరి వైపు నేనున్నప్పుడు కొందరు ప్రార్థన తెలుగులో మొదలుపెట్టి, ఏడుపొచ్చేసరికి అరవంలోకి వెళ్లిపోయేవారు. ఏ మాట దగ్గర భాష మారిందో గమనిస్తే ఆ ఇంటి కష్టం సగం తెలిసేది. అలాగని వాళ్ల కష్టాన్ని పుల్‌పిట్ మీద పెట్టేరు, వద్దు. అది తెలిసిన గొంతుతో వాక్యం చదవండి, చాలు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో విజయం మాటలు మాని 88వ కీర్తన చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది. దానికి మీరు దీపం తగిలించకండి.

ఇక శుక్రవారం ప్రార్థన ఇద్దరు పెద్దలకు అప్పగించండి. మోషేకే మామ యిత్రో అన్నీ నెత్తినేసుకోవద్దని చెప్పాల్సి వచ్చింది. కానుకలు తగ్గుతాయన్న భయం ఉంటుంది, నాకు తెలుసు. ఆ విషయం మాత్రం ముందు మీ ఆవిడతో మాట్లాడండి. ఇంటి లెక్క ఆమెకు తెలిసినంత మీకు తెలియదు.

ప్రశ్న: మా మందిరంలో ఆరాధన లైవ్ పెడుతున్నారు. సాక్ష్యంలో నేను మా కోడలితో గొడవ గురించి చెప్పుకున్నాను. బంధువులంతా చూశారు. పాస్టరు గారిని అడగాలంటే మొహమాటంగా ఉంది.
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: మొహమాటం దేనికమ్మా? ఆ భాగం తీసేయమని ఈ రోజే అడగండి. పాస్టర్లకు నా మాట కూడా: సాక్ష్యాలు మొదలవగానే ఫోన్ బోర్లా పెట్టించండి. అన్నట్టు, కోడలు ఆ వీడియో చూసిందేమో కనుక్కున్నారా?